గోల్ఫు క్రీడాకారుడు తీగల సాహిత్

 ఈనాటి ప్రసంగం ఒక గోల్ఫు ఆటగాని క్రీడాజీవితాన్ని గురించి. ఈ మాట వినగానే పల్నాటి శ్రోతలు, అందులోను నకరికల్లు వంటి ఊళ్ళలోని వారు, "మనకెందుకయ్యా ఈ దొరల ఆట?" అనుకోవడం సహజం. నకరికల్లు పొలిమేరలో పత్తిచేలున్నవి, మిరపచేలున్నవి, సాగరు కుడికాలువ నీరున్నది. గోల్ఫు మైదానం మాత్రం లేదు. 18 రంధ్రాల మైదానం ఒకటి తయారు కావలెనంటే సుమారు 100 మొదలు 150 ఎకరాల నేల కావలెను. అంత నేలను పచ్చికకు వదలి, అందులో బంతి కొట్టుకుంటారని చెబితే మన రైతు మొట్టమొదట అడిగే ప్రశ్న, ఆ నేలలో ఎన్ని టిక్కీల మిరప పండేదని. ప్రశ్న సమంజసమైనదే. దానిని కాదనడానికి నేను ఈ మైకు ముందుకు రాలేదు. అయితే తెలుగు ఇంట పుట్టిన ఒక యువకుడు ఆ పచ్చికపై, వేలమంది చూస్తూ ఉండగా, ఎవరూ చూడని తన పొరపాటును తానే చెప్పి, దానికి కోట్ల రూపాయల మూల్యం చెల్లించినాడు. ఆ సంగతి చెప్పడానికి వచ్చినాను. అది చెప్పవలెనంటే అతని కథ మొదటినుంచి చెప్పక తప్పదు.

అతని పూర్తి పేరు తీగల సాహిత్ రెడ్డి. 1997 డిసెంబరు 8 వ తేదీన అమెరికాలోని కాలిఫోర్నియా రాష్ట్రంలో జన్మించినాడు. తండ్రి మురళీధర్ గారు, తల్లి కరుణ గారు హైదరాబాదు నుండి వెళ్ళి అక్కడ స్థిరపడినవారు. సాహిత్ పెరిగినది లాస్ ఏంజెలిస్ నగరానికి తూర్పున ఉన్న చీనో హిల్స్ అనే పట్టణంలో. ఇంటిపేరును గురించి ఒక్క మాట. మనకు తీగల అనగానే పందిరికి పాకే మల్లెతీగ స్ఫురిస్తుంది, లేదా వీణ తీగ స్ఫురిస్తుంది. అమెరికా వ్యాఖ్యాతల నోట అదే పేరు "థీగాలా" అయి కూర్చున్నది. ఆ ఉచ్చారణలో విని అతడు మనవాడని పోల్చుకోలేకపోయిన తెలుగువారు తక్కువమంది కారు.

ఇక ఆట సంగతి. మన పిల్లలు వీధిలో ఆడే బిళ్ళంగోడును, గోలీలాటను కలిపి, నూరెకరాల మేరకు పరచినట్లు ఊహించుకోండి. బిళ్ళంగోడులో వలె కర్రతో దూరంగా కొట్టడం ఉన్నది. గోలీలాటలో వలె చివరకు చిన్న గుంటలో పడవేయడం ఉన్నది. బంతి బరువు 46 గ్రాములకు మించరాదు. రంధ్రం వెడల్పు 108 మిల్లీమీటర్లు, అనగా మన అరచేతి వెడల్పుకు కొంచెం ఎక్కువ. ఒక్కొక్క రంధ్రం నూటయాభై గజాల దూరంలో ఉండవచ్చును, అయిదారువందల గజాల దూరంలో ఉండవచ్చును. ఇన్ని దెబ్బలలో బంతిని అందులో వేయవలెనని ప్రతి రంధ్రానికి ఒక లెక్క ఉన్నది. దానిని పార్ అంటారు. దానికంటె ఒక దెబ్బ తక్కువైతే బర్డీ, ఒక దెబ్బ ఎక్కువైతే బోగీ. వృత్తి ఆటగాళ్ళ పెద్ద పోటీలు సాధారణంగా నాలుగు రోజులు జరుగుతవి. రోజుకు 18 రంధ్రాల చొప్పున మొత్తం 72. ఎవరు అందరికంటె తక్కువ దెబ్బలలో పూర్తిచేస్తారో వారిదే గెలుపు. దారిలో చెట్లు, చెరువులు, బంకరు అనే ఇసుక గోతులు అడ్డం వస్తూ ఉంటవి.

ఇంతవరకు ఏ ఆటకు ఆ ఆట అనుకోవచ్చును. గోల్ఫును ఇతర క్రీడలనుండి వేరుచేసేది మరొకటి. క్రికెట్టులో అంపైరు వేలెత్తేవరకు బ్యాటు పట్టుకొని నిలబడవచ్చును. కబడ్డీలో గీత తొక్కినది లేనిది రిఫరీ చెప్పవలెను. గోల్ఫులో ఆటగాని వెంబడి అడుగడుగునా న్యాయనిర్ణేత ఉండడు. పెద్ద పోటీలలో నియమాధికారులు ఉన్న మాట నిజమే కాని, వారు మైదానంలో అక్కడక్కడ ఉంటారు, పిలిస్తే వస్తారు. తన దెబ్బలు తాను లెక్కపెట్టుకోవడం, తాను నియమం తప్పితే ఆ సంగతి తానే చెప్పడం ఆటగాని బాధ్యత. బిళ్ళంగోడు ఆడే మన పిల్లలు "అవుటు", "కాదు" అని గొంతులు చించుకోవడం ఎరిగినవారికి ఈ ఏర్పాటు విడ్డూరంగానే తోచవచ్చును.

ఈ ఆట మన దేశానికి కొత్తదేమీ కాదు. కలకత్తాలో గోల్ఫు క్లబ్బు 1829 లో ఏర్పడినది. బ్రిటిషు దీవులకు వెలుపల అంతకంటె పాత క్లబ్బు లేదు. మన ప్రాంతంలో విశాఖపట్నం సముద్రతీరాన ఒక మైదానమున్నది. హైదరాబాదులో గోలకొండ కోట గోడల ప్రక్కన మరొకటి ఉన్నది. అయినా చాలకాలం ఇది కంటోన్మెంటుల ఆటగాను, కంపెనీ అధికారుల ఆటగానే మిగిలినది. ఆ గోడను కొంత పగులగొట్టినవారిలో ఒక ఆస్ట్రేలియా దేశస్థుని పేరు చెప్పక తప్పదు. ఆయన పీటర్ థామ్సన్. మెల్బోర్న్ నగరంలో 1929 లో పుట్టి, బ్రిటిషు ఓపెన్ పోటీని 1954, 1955, 1956 సంవత్సరాలలో వరుసగా మూడుమారులు, పిమ్మట 1958 లోను 1965 లోను గెలిచిన మహా ఆటగాడు. అంతటివాడు డబ్బున్న అమెరికా పోటీలనే పట్టుకొని వేలాడక ఆసియా దేశాలకు వచ్చి, ఇక్కడ పోటీల వరుస ఒకటి నెలకొనడానికి పాటుపడినాడు. 1964 లో ఢిల్లీలో మొదటి ఇండియన్ ఓపెన్ జరగడం వెనుక ఆయన ప్రోత్సాహమున్నది. ఆ మొదటి పోటీ ఆయనే గెలిచినాడు. మరుసటి సంవత్సరమే మన పి. జి. సేఠీ, వృత్తి ఆటగాడు కాకపోయినా, దానిని గెలుచుకున్నాడు. తరువాత 1991 లో అలీ షేర్ గెలిచినాడు. ఆయన ఢిల్లీ క్లబ్బులో పెద్దవారి గోల్ఫు సంచీలు మోసే క్యాడీగా బ్రతుకు ప్రారంభించినవాడు. గోల్ఫు దొరల ఆట అనే మాటకు అలీ షేర్ జీవితంకంటె మంచి సమాధానం నాకు కనబడదు. థామ్సన్ 2018 లో మరణించినాడు. ఆయన పేరు ఈ ప్రసంగంలో మరొకమారు వస్తుంది.

సాహిత్ విషయానికి వద్దాము. అతడు పుట్టిన 1997 లోనే, ఏప్రిల్ నెలలో, టైగర్ వుడ్స్ అనే ఇరవైయొక్క సంవత్సరాల యువకుడు మాస్టర్స్ పోటీని 12 దెబ్బల తేడాతో గెలిచి, అంతవరకు తెల్లవారి ఆటగా ఉన్న గోల్ఫును అమెరికాలో ఇంటింటి మాట చేసినాడు. టెలివిజనులో అతని ఆట చూచి మురిసిన లక్షలాది కుటుంబాలలో మురళీధర్ గారి కుటుంబం ఒకటి. కుమారుడు పసితనంలోనే కర్ర పట్టినాడు. మన ఇళ్ళనుండి అమెరికా వెళ్ళినవారి పిల్లలు వైద్యులు, ఇంజనీర్లు కావడం మనమెరుగుదుము. ఆటను వృత్తిగా చేసుకొంటానన్న కుమారుని వెంట, వారాంతం వారాంతం మైదానాలకు కారు నడుపుకొంటూ తిరిగిన తెలుగు తండ్రులు అరుదు. ఆ తెగువ తల్లిదండ్రులది. దానిని కొడుకు ఖాతాలో వేయరాదు.

ఆ పిల్లవానికి మరొక చిక్కు ఉన్నది. వెన్నెముక నిట్టనిలువుగా గాక ప్రక్కకు ఒంపు తిరిగి ఉండే స్థితిని వైద్యులు స్కోలియోసిస్ అంటారు. సాహిత్‌కు చిన్నప్పటినుంచి అది ఉన్నది. గోల్ఫు దెబ్బకు వెన్నెముకే ఇరుసు. కర్రను వెనుకకు ఎత్తి, నడుమును తిప్పి, తిరిగి ముందుకు విసరేటప్పుడు శరీరం బొంగరం వలె ఒక అక్షం మీద తిరగవలెనని గురువులు బోధిస్తారు. బొంగరం ములికి వంకరగా ఉంటే ఏమవుతుందో చెప్పనక్కరలేదు. సాహిత్ ఆ వంకరను దిద్దుకోలేదు. దానికి తగినట్లు తన దెబ్బను తీర్చుకున్నాడు. అందువలన అతని దెబ్బ పుస్తకంలోని బొమ్మవలె ఉండదు. శరీరం ఒక వైపుకు ఒరుగుతుంది, దెబ్బ ముగిసేసరికి ఒక్కొక్కప్పుడు తూలిపడతాడేమో అనిపిస్తుంది, బంతి తిన్నగా పోక గాలిలో మెలి తిరుగుతూ పోతుంది. చెట్ల నడుమ చిక్కుకున్న బంతిని ఎవరూ ఊహించని సందునుంచి బయటకు తీయడంలో అతనికి పేరున్నది. సాపుగా ఆడేవారి ఆటకంటె ఇటువంటి ఆట చూడడానికి హాయిగా ఉంటుందని నా అభిప్రాయం. ఈ రోజుల్లో యంత్రాల సాయంతో కోణాలు కొలిచి అందరికీ ఒకే అచ్చు దెబ్బ నేర్పుతున్నారు గనుక, అచ్చులో ఇమడని ఆటగాడు కనబడితే మనసు అటే పోతుంది.

డైమండ్ బార్ పట్టణంలో ఉన్నత పాఠశాల ముగించి, మాలిబు తీరంలోని పెప్పర్‌డైన్ విశ్వవిద్యాలయంలో చేరినాడు. అక్కడ చదువుతోపాటు కళాశాల జట్టులో ఆడినాడు. మణికట్టుకు దెబ్బ తగిలి 2018-19 సంవత్సరమంతా ఆటకు దూరంగా కూర్చోవలసివచ్చినది. తిరిగి వచ్చిన సంవత్సరం అతని జట్టు అమెరికా కళాశాలలన్నిటిలో మొదటి స్థానంలో నిలిచినది. అంతలో 2020 మార్చిలో కరోనా వ్యాధి వ్యాపించి ఆటలన్నీ నిలిచిపోయినవి. జట్టుకు జాతీయ పోటీ ఆడే అవకాశమే లేకపోయినది. అయినా ఆ సంవత్సరం కళాశాల ఆటగాళ్ళకిచ్చే మూడు ముఖ్య పురస్కారాలు, హాస్కిన్స్, బెన్ హోగన్, జాక్ నిక్లస్ పేర్లతో ఉన్నవి, మూడూ అతనికే వచ్చినవి. ఆ మూడింటిని ఒకే ఏట పొందినవారిని వ్రేళ్ళమీద లెక్కపెట్టవచ్చును. 2020 జూన్‌లో వృత్తి ఆటగాడైనాడు.

వృత్తి ఆటగాడనగానే జీతం, బత్తెం ఉన్న ఉద్యోగమని అనుకోరాదు. ఇది పత్తి సాగు వంటిది. విత్తనం, ఎరువు, మందు, కూలి అన్నీ ముందుగా తన చేతినుంచే పెట్టవలెను. పంట చేతికి వస్తే ఉన్నది, లేకుంటే లేదు. గోల్ఫు ఆటగాడు ప్రయాణానికి, బసకు, క్యాడీకి తానే ఖర్చు పెట్టుకొని పోటీకి వెడతాడు. మొదటి రెండు రోజులు ముగియగానే వెనుకబడిన సుమారు సగంమందిని ఇంటికి పంపివేస్తారు. దీనిని కట్ అంటారు. ఆ రేఖ దాటనివానికి చాలా పోటీలలో దమ్మిడీ రాదు. పైగా అమెరికాలోని పెద్ద పోటీల వరుసలో, అనగా పి.జి.ఏ. టూరులో, ఆడే అర్హత కూడా ఏటేటా సంపాదించుకోవలసినదే. సాహిత్ రెండవ శ్రేణి పోటీలలో నెగ్గుకొని 2021 లో ఆ అర్హత పొందినాడు.

అక్కడినుండి రెండేళ్ళపాటు అతని కథ చేతికందిన పంట వానపాలైన కథ. 2022 ఫిబ్రవరిలో ఆరిజోనా రాష్ట్రంలో ఫీనిక్స్ ఓపెన్ జరిగినది. నిర్వాహకులు ప్రత్యేకంగా ఇచ్చిన ఆహ్వానంతో అందులో ప్రవేశించిన ఈ కొత్త కుర్రవాడు రెండవ రోజు ముగిసేసరికి అందరికంటె ముందు ఉన్నాడు. మూడవ రోజు కూడా ముందే ఉన్నాడు. నాలుగవ రోజు 17 వ రంధ్రం దగ్గర అందరితో సమంగా ఉన్నాడు. అది చిన్న రంధ్రం. బలంగా కొడితే ఒక్క దెబ్బకే బంతి దాని చుట్టుపట్ల పడుతుంది. సాహిత్ ధైర్యం చేసి కొట్టినాడు. బంతి పచ్చికపై దిగి, ఎడమవైపుకు ఎగిరి, దొర్లి, నీటిలో పడినది. అక్కడ పోయిన ఒక్క దెబ్బ వలన, సమంగా నిలిచినవారు తిరిగి ఆడే ప్లే-ఆఫ్‌లో అతనికి చోటు దక్కలేదు. ఆట ముగిసి కుటుంబాన్ని కలిసినప్పుడు అతడు కన్నీరు ఆపుకోలేదు. ఆ దృశ్యం దేశమంతా చూచినది. ఆ రోజు గెలిచినవాడు స్కాటీ షెఫ్లర్. అదే ఆయనకు ఆ టూరులో మొట్టమొదటి గెలుపు. తరువాత ఆయన ప్రపంచంలో మొదటి స్థానానికి ఎక్కినాడు.

నాలుగు నెలలు తిరిగిన తరువాత కనెక్టికట్ రాష్ట్రంలో మరొకటి. ట్రావెలర్స్ పోటీలో చివరి రంధ్రం మిగిలి ఉండగా సాహిత్ ఒక దెబ్బ ముందున్నాడు.  మొదటి దెబ్బ ప్రక్కనున్న బంకరులోకి పోయినది. ఇసుకలోనుంచి కొట్టిన దెబ్బ ఎదుటి గట్టుకు తగిలి బంతి మళ్ళీ ఇసుకలోనే పడినది. ఆ ఒక్క రంధ్రానికే ఆరు దెబ్బలు. పార్ కంటె రెండు ఎక్కువ. జాండర్ షాఫ్లీ గెలిచినాడు. ఇసుకకు ఈ కుర్రవానితో ఏదో పాత పగ ఉన్నదేమో అనిపిస్తుంది. ఆ పగ తీరలేదని తరువాత తెలియవచ్చును.

ఈ రెండు ఓటములు విని అతడు దిగులుతో కుంగిపోయినాడని అనుకోరాదు. 2023 ఏప్రిల్‌లో మాస్టర్స్ పోటీలో మొదటిసారిగా అడుగుపెట్టి మొదటి పదిమందిలో నిలిచినాడు. ఆ సెప్టెంబరు 17 వ తేదీన కాలిఫోర్నియాలోని నాపా లోయలో, ద్రాక్షతోటల నడుమనున్న సిల్వరాడో మైదానంలో, ఫోర్టినెట్ పోటీ గెలిచినాడు. నాలుగు రోజులకు కలిపి పార్ కంటె 21 దెబ్బలు తక్కువ. రెండవవాడైన కొరియా దేశస్థుడు ఎస్. హెచ్. కిమ్ కంటె రెండు దెబ్బలు తక్కువ. టూరులో డెబ్బైకి పైగా పోటీలు ఆడిన పిమ్మట దక్కిన తొలి విజయమిది. అప్పటికి అతనికి 25 ఏళ్ళు. స్వరాష్ట్రంలో జరిగిన పోటీ గనుక తల్లిదండ్రులు, బంధుమిత్రులు గుంపుగా వచ్చి వెంట నడిచినారు. భారతదేశంలో పుట్టినవారిలో ఆ టూరులో మొదట గెలిచినది అర్జున్ అట్వాల్, 2010 లో. ఫిజీ దీవులలో భారతీయ సంతతికి చెందిన విజయ్ సింగ్ అంతకు ముందే మూడు మహా పోటీలు గెలిచి ఉన్నాడు. తీగల అనే ఇంటిపేరు మాత్రం ఆ పట్టికలో నాపాలోనే చేరినది.

2024 జనవరిలో హవాయి దీవులలో చివరి రోజున 63 దెబ్బలలో ఆట ముగించినా ఒక్క దెబ్బ తేడాతో రెండవవాడైనాడు. ఏప్రిల్‌లో దక్షిణ కెరొలైనాలో మళ్ళీ రెండవ స్థానమే. గెలిచినది మళ్ళీ షెఫ్లరే. అయినా ఆ సంవత్సరమంతా నిలకడగా ఆడి, ఏటి చివర ముప్పదిమందికి మాత్రమే ప్రవేశమున్న టూరు ఛాంపియన్‌షిప్‌కు అర్హుడైనాడు. అది జార్జియా రాష్ట్రంలోని అట్లాంటా నగరంలో, ఈస్ట్ లేక్ మైదానంలో జరిగినది. ఆ సంవత్సరం అక్కడ మొదటి బహుమానం 2 కోట్ల 50 లక్షల డాలర్లు.

మూడవ రోజు, 2024 ఆగస్టు 31. మూడవ రంధ్రం దగ్గర సాహిత్ బంతి బంకరులో పడినది. ఇక్కడ ఒక నియమం చెప్పవలెను. బంకరులో బంతిని కొట్టడానికి ముందు కర్ర ఇసుకను తాకరాదు. ఊరికే నేల పరీక్షించడానికి తాకరాదు, కర్రను వెనుకకు ఎత్తేటప్పుడు కూడా తాకరాదు. తాకితే రెండు దెబ్బల శిక్ష. కారణం స్పష్టమే. ఇసుక మెత్తగా ఉన్నదో గట్టిగా ఉన్నదో కర్రతో తడిమి చూచుకొంటే ఇసుక గోయిని అడ్డంగా పెట్టిన ప్రయోజనమే పోతుంది. సాహిత్ కర్రను వెనుకకు ఎత్తినాడు, కొట్టినాడు. చూచేవారికి అందులో ఏ తప్పూ కనబడలేదు. అతనికి మాత్రం కర్ర వెనుకకు పోయేటప్పుడు ఇసుకను రాసుకొన్నట్లు చేతికి తెలిసినది. ఎవరూ అడగలేదు, ఎవరూ ఆక్షేపించలేదు. తానే నియమాధికారిని పిలిచి సంగతి చెప్పినాడు. రెండు దెబ్బలు అతని లెక్కలో చేర్చినారు.

ఆటగాళ్ళందరు నాలుగు రోజులూ ముగించిన తరువాత లెక్క చూడండి. షెఫ్లర్ పార్ కంటె 30 తక్కువతో మొదటివాడు. కాలిన్ మోరికావా 26 తక్కువతో రెండవవాడు. సాహిత్ 24 తక్కువతో మూడవవాడు. రెండవ బహుమానం 1 కోటి 25 లక్షల డాలర్లు, మూడవది 75 లక్షలు. శనివారం నాటి ఆ రెండు దెబ్బలు లేకున్నట్లయితే, తక్కిన ఆటంతా అలాగే సాగినదనుకొంటే, అతడు మోరికావాతో సమంగా నిలిచేవాడు. ఇద్దరికీ చెరి 1 కోటి డాలర్లు వచ్చి ఉండేవి. అనగా ఇసుకను రాసుకొన్న ఆ స్పర్శ ఖరీదు 25 లక్షల డాలర్లు. ఆనాటి మారకం ప్రకారం మన రూపాయలలో ఇంచుమించు 21 కోట్లు.

కోటీశ్వరుడైన ఆటగానికి ఇది ఏమంత గొప్ప త్యాగమని కొందరు అనవచ్చును. 75 లక్షల డాలర్లు చేతికి వచ్చినవానిని చూచి మనం జాలిపడనక్కరలేదన్న మాట నేనూ ఒప్పుకొంటాను. అయితే డబ్బు పెరిగినకొద్దీ ఆశ తగ్గుతుందనే వాదం మాత్రం లోకానుభవానికి విరుద్ధం. అదీగాక, ఆ శనివారం మధ్యాహ్నం అతనికి తుది లెక్క తెలియదు. ఎంత పోతుందో తెలియకుండానే చెప్పినాడు. ఫీనిక్స్‌లో ఒక్క దెబ్బకు, కనెక్టికట్‌లో ఒక్క గోతికి, హవాయిలో మళ్ళీ ఒక్క దెబ్బకు ఎంతెంత నష్టపోయినాడో ఎరిగినవాడు. ఒక్కొక్క దెబ్బ విలువ అతనికంటె బాగా తెలిసినవారు ఆనాడు ఆ మైదానంలో ఎవరున్నారు? అట్టివాడు రెండు దెబ్బలు తన చేతులతో తానే వేసుకొన్నాడు.

గోల్ఫు చరిత్రలో దీనికి పూర్వోదాహరణ ఉన్నది. 1925 లో అమెరికా ఓపెన్ పోటీలో బాబీ జోన్స్ అనే ప్రసిద్ధ ఆటగాడు, ఎవరూ చూడకపోయినా, తన బంతి కదలినదని చెప్పి ఒక దెబ్బ శిక్ష వేసుకొన్నాడు. ఆ ఒక్క దెబ్బ లేకుంటే అప్పుడే గెలిచేవాడు. ఉండడంవలన మరొకనితో సమమై, తిరిగి ఆడిన ఆటలో ఓడిపోయినాడు. జనం పొగడినప్పుడు ఆయనకు అది రుచించలేదు. నియమం ప్రకారం ఆడినవానిని పొగడడం అంటే, నియమం తప్పడం మామూలని ఒప్పుకొన్నట్లేనని ఆయన భావం. చిత్రమేమంటే, ఈస్ట్ లేక్ మైదానం ఆ బాబీ జోన్స్ చిన్ననాడు ఆట నేర్చుకొన్న మైదానమే. తొంభైతొమ్మిదేళ్ళ తరువాత అక్కడి ఇసుకలోనే సాహిత్ కర్ర తగిలినది. పోటీ ముగిసిన పిమ్మట అతడు కూడా ఈ విషయాన్ని పెద్దది చేయలేదు. నియమం తప్పినానని తనకు నమ్మకం కలిగినది గనుక శిక్ష అనుభవించినానన్న ధోరణిలోనే మాటాడినాడు.

ఆ నెల తిరగకముందే అతనికి అమెరికా జట్టులో స్థానం దక్కినది. అమెరికాకు, ఐరోపా తప్ప తక్కిన ప్రపంచానికి నడుమ రెండేళ్ళకొకమారు జరిగే ప్రెసిడెంట్స్ కప్ పోటీ 2024 సెప్టెంబరు చివర కెనడాలోని రాయల్ మాంట్రియల్ మైదానంలో జరిగినది. మొదటి రోజున సాహిత్‌కు జతగా వచ్చినవాడు మోరికావాయే. అనగా తనకు దక్కవలసిన సొమ్ములో భాగం ఎవరికి పోయినదో ఆయనే. వీరిద్దరికి ఎదురు నిలిచినవారు ఇద్దరూ ఆస్ట్రేలియా ఆటగాళ్ళు. ఒకరు 2013 లో మాస్టర్స్ గెలిచి ఆ గౌరవం పొందిన తొలి ఆస్ట్రేలియా దేశస్థుడైన ఆడం స్కాట్. రెండవవాడు మిన్ వూ లీ. కొరియానుండి వలసవచ్చిన తల్లిదండ్రులకు పెర్త్ నగరంలో పుట్టిన యువకుడు. హైదరాబాదు దంపతుల కుమారుడు అమెరికా పక్షాన, కొరియా దంపతుల కుమారుడు తక్కిన ప్రపంచం పక్షాన నిలిచి ఒకే పచ్చికపై తలపడినారు. చివరి రంధ్రం దాకా సాగిన ఆ ఆటను సాహిత్, మోరికావా జంట ఒక్క రంధ్రం తేడాతో గెలిచినది. మొత్తం పోటీలో అమెరికా 18½ - 11½ తేడాతో నెగ్గినది. 1994 లో ఈ పోటీ ప్రారంభమైనది మొదలు 2024 వరకు అమెరికాను ఓడించగలిగినది ఒక్కసారే, 1998 లో మెల్బోర్న్‌లో. ఆనాడు గెలిచిన జట్టుకు నాయకుడు ఇందాక మనం చెప్పుకొన్న పీటర్ థామ్సన్. ఢిల్లీలో మొదటి ఇండియన్ ఓపెన్ ఆడిన ఆ ఆస్ట్రేలియావాడు బ్రతికి ఉండి మాంట్రియల్ చూచి ఉంటే, అమెరికా పక్షంలో ఒక తెలుగు పేరు కనబడడం ఆయనకు ఆశ్చర్యం కలిగించేది కాదనే అనుకొంటాను. ఆసియావారి చేతిలో కర్ర పెడితే ఏమి జరుగుతుందో అరవయ్యేళ్ళ క్రితమే ఊహించినవాడాయన.

2025 సంవత్సరం సాహిత్‌కు కలిసిరాలేదు. మెడనొప్పి వచ్చి కొన్ని వారాలు పోటీలకు దూరం కావలసివచ్చినది. వెన్ను ఒంపు తిరిగినవానికి మెడ దగ్గర కలిగే బాధ సామాన్యమైనది కాదు. ఆ సంవత్సరాంతం వరకు టూరులో అతని ఏకైక విజయం నాపాదే.

అతని ఆట ప్రసారం వినదలచిన, చూడదలచిన శ్రోతలకు ఒక సూచన. అమెరికాలో ఈ పోటీలు సాధారణంగా గురువారం మొదలై ఆదివారం సాయంకాలానికి ముగుస్తవి. అట్లాంటాలో వేసవి సాయంత్రం ఆరు గంటలైనప్పుడు మనకు సోమవారం తెల్లవారుజాము మూడున్నర అవుతుంది. కాలిఫోర్నియాలో అయితే మనకు ఉదయం ఆరున్నర. మిరప కోతల రోజుల్లో నకరికల్లులో ఆ వేళకు మేలుకొని ఉండేవారు చాలామందే ఉంటారు. వ్యాఖ్యాత నోట "థీగాలా" అని వినబడితే అది మన తీగలేనని గుర్తుంచుకోండి.